ఎదురు సంకేతం

"నా బెంచి మీద బాగానే ఉంది" అనే మాట ఏ ఇంజనీరు నోట విన్నా నాకు ఒళ్లు మండుతుంది. తప్పు నాది కాదు, నీ ఇంట్లోనే ఏదో ఉంది అని దానికి అర్థం. ఆ ఉదయం ఫణీంద్ర కాఫీ కప్పు చేతిలో పట్టుకుని మళ్లీ అదే మాట అన్నాడు.

"బాగానే ఉంటే ఆవిడ ఎందుకు ఫోన్ చేస్తుంది ఫణీ?"

"ఏమో హైమగారూ. ఆవిడ ఇంట్లో వైరింగ్ ఎలా ఏడ్చిందో! పక్కింట్లో మిక్సీ వేస్తే మన టీవీలో గీతలు పడవూ? అలాంటిదే ఏదో అయ్యుంటుంది."

ఆవిడ అంటే సరోజన. మా సంస్థ తయారుచేసిన చూపుపలకను కంట్లో అమర్చుకున్న మూడో మనిషి. చిన్నప్పుడు రేచీకటితో మొదలైంది ఆమె జబ్బు. చుట్టూ ఉన్న చూపు కొంచెం కొంచెంగా మూసుకుంటూ వచ్చి, కొడుక్కి నాలుగేళ్లు వచ్చేసరికి పూర్తిగా చీకటైపోయింది. కొడుకు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మధ్యలో ఉన్న కాలమంతా ఆమె చీకట్లోనే వండింది, ఉతికింది, వాణ్ని పెంచింది.

చూపుపలక గోరంత తెర. కంటి వెనకపొర మీద అతుకుతారు. కళ్లజోడులోని కెమెరా బొమ్మ తీస్తుంది. నడుముకు కట్టుకున్న పెట్టె ఆ బొమ్మను గీతలుగా విడగొట్టి, చెవి వెనక చర్మం కిందుగా వెళ్లే సన్నటి తీగ మీద పలకకు పంపుతుంది. పలక దాన్ని నరానికి అందిస్తుంది. సెల్‌ఫోన్‌లో తెరకు బొమ్మ చేరేదీ ఇలాగే. పలక మా సొంతం కానీ, పంపే పద్ధతి మాత్రం ఫోన్లవాళ్ల దగ్గర తెచ్చుకున్నదే.

ఆ తీగ మీద జరిగే సంభాషణ వినడం నా ఉద్యోగం. ప్రోటోకాల్ అనలైజర్ అని చిన్న యంత్రం ఉంటుంది. దాని కొక్కేలు తీగకు తగిలిస్తే ఎవరు ఎప్పుడు ఏమన్నారో వరసగా తెర మీద పడుతుంది. తప్పు జరిగిన చోట ఎర్రగీత వస్తుంది. బాగుచేసేవాళ్లు వేరే ఉంటారు, ఎవరు తప్పు చేశారో చాడీ చెప్పడం వరకే నా పని. అందుకే ల్యాబ్‌లో నేనంటే ఎవరికీ పెద్దగా గిట్టదు.

సరోజన ఫిర్యాదు చిన్నదే. బొమ్మ అదురుతోంది, ఒక్క క్షణం ఇంకేదో అడ్డం పడి పోతోంది అంటుంది. ల్యాబ్‌కు పిలిచి చూస్తే ఒక్క ఎర్రగీతా లేదు.

మా ప్రాజెక్టు పెద్ద డాక్టర్ మృణాళిని. సరోజనకు ఆపరేషన్ చేసింది ఆవిడే. "ఇంటికే వెళ్లి చూడు హైమా" అన్నారు. "వచ్చే నెల అనుమతుల కమిటీ వస్తోంది. వాళ్ల ముందు అదిరితే మన పని అయిపోయినట్టే."

సరోజన ఇల్లు బోడుప్పల్‌లో, ఒక మేడ మీద రెండు గదుల వాటా. భర్త పోయి చాలాకాలమైంది. నేను వెళ్లేసరికి ఆమె చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కళ్లజోడు పెట్టుకునే ఉంది కానీ చూపు కిటికీ వైపు ఉంది.

"చూసుకుంట ఒలిస్తే ఆలస్యమైతుంది మేడమ్. చేతులకు ఎప్పటిసంది అలవాటే గదా" అని నవ్వింది. "కూసోండ్రి. చాయ్ పెడ్త."

నేను ఆమె నడుము పెట్టె దగ్గర కొక్కేలు తగిలించాను. ఆమె పొయ్యి వెలిగించింది, ఫ్యాను చూసింది, గోడ మీది క్యాలెండర్ చూసింది, బాల్కనీలోకి వెళ్లి వీధి చూసింది. పక్కింటివాళ్లను బతిమాలి మిక్సీ కూడా వేయించాను. తెర శుభ్రంగా ఉంది. చాయ్ తాగి, ఫణీంద్ర అన్నదే నిజమని ఒప్పుకోవాల్సి వస్తుందేమోనని లోపల ఉడుక్కుంటున్నాను.

అప్పుడే కొడుకు శ్రీచరణ్ కాలేజీ నుంచి వచ్చాడు. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాడో లేదో, నా తెర నిండా ఎర్రగీతలు.

"గిదే మేడమ్! ఇప్పుడే పడ్డది!" అని అరిచింది సరోజన.

దొంగ దొరికాడనుకున్నాను. కుర్రాడి ఫోన్ పక్కింట్లో పెట్టి రమ్మన్నాను. వచ్చాడు. మళ్లీ ఎర్రగీతలు. చేతిగడియారం తీయించాను, బైకు తాళాలు తీయించాను. తగ్గలేదు. వాణ్ని బయట నిలబెట్టి నేను వెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాను. ఒక్క గీత లేదు. ఫణీంద్రకు ఫోన్ చేస్తే, "వాడి ఒంటి మీద ఇంకేదైనా ఉందేమో చూడండి" అన్నాడు.

"స్నానం చేయించి నిలబెట్టమంటావా?" అన్నాను.

ల్యాబ్‌లో ఎర్రగీతలు ఎందుకు రాలేదో అప్పుడు తట్టింది. ల్యాబ్ లోపలికి బయటివాళ్లను రానివ్వరు. ఆమె ఎప్పుడు వచ్చినా శ్రీచరణ్ రిసెప్షన్‌లోనే కూర్చునేవాడు.

ఎర్రగీతల్ని విడదీసి చూస్తే సంగతి బయటపడింది. ఒకే తీగను రెండు చివరల నుంచీ ఒకేసారి లాగుతున్నారు. ఇది జరగకూడదు. పెట్టె చెబుతుంది, పలక వింటుంది, అంతే. నిజానికి ఈ పద్ధతిలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. పెట్టె తన మాట ఆపి తీగను వదిలేస్తే, పలక ఎదురు చెప్పవచ్చు. దాన్ని మేం వంతు ఇవ్వడం అంటాం. కానీ తెరలతో పనిచేసే ఇంజనీరు ఎవడూ వంతు ఇవ్వడు. తెరకు చెప్పడానికి ఏముంటుంది? వంతు ఇస్తే ఆ కాసేపు బొమ్మ ఆగిపోతుంది. అందుకని పని మొదలుపెట్టగానే పెట్టెలో ఆ ఏర్పాటును ఆపేయడం మా వాళ్లందరికీ అలవాటు. ఫణీంద్రా అదే చేశాడు.

ఇక్కడ వంతు ఇవ్వకుండానే అవతలివైపు మాట్లాడుతోంది. పలకలో మాట్లాడే చిప్పు లేదు. పలక వెనక ఉన్నది సరోజన నరం ఒక్కటే.

మర్నాడు తల్లీకొడుకులిద్దర్నీ ల్యాబ్‌కు రప్పించాం. రిసెప్షన్‌లో సెక్యూరిటీ అతను శ్రీచరణ్‌ను ఆపితే, డాక్టర్ మృణాళిని స్వయంగా వెళ్లి లోపలికి తీసుకొచ్చారు. వాణ్ని తల్లి ఎదురుగా కూర్చోబెట్టాం. ఎర్రగీతలు మొదలయ్యాయి.

"ఇప్పుడు మీకు కాసేపు చీకటి అవుతుంది, భయపడకండి" అని సరోజనతో చెప్పి, పెట్టె చేత తీగ వదిలించాను. మా పలక పుట్టాక మొదటిసారి దానికి వంతు ఇచ్చాం.

ఎర్రగీతలు పోయాయి. అవతలి నుంచి చుక్కల వరసలు రావడం మొదలైంది. లెక్క చూస్తే సరిగ్గా ఒక బొమ్మకు సరిపడా ఉన్నాయి. వాటిని పెద్ద తెర మీదకు మళ్లించాను.

చిన్నపిల్లాడి ముఖం. బూడిదరంగు చుక్కల్లో మసకగా ఉన్నా పోల్చుకోవచ్చు. గుండు చేయించాక వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్న తల. ఒక పక్కకు జారిన చొక్కా. దేనికో నవ్వాపుకుంటున్న నోరు.

శ్రీచరణ్ లేచి తెర దగ్గరికి వెళ్లాడు. "ఇది... నేనే గదా?"

"నువ్వే బిడ్డా" అంది సరోజన. ఆమె ముఖం మాలో ఎవరి వైపూ లేదు. "వేములాడ గుడిల పుట్టెంట్రుకలు తీపిచ్చినంక. గప్పుడే నా కండ్లు మొత్తం పోయినయ్. గీ మొఖమే ఆఖరు సూసింది. మళ్ల గింత మంచిగ ఎన్నడు కనబడలే."

ఆమె చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి. ల్యాబ్‌లో అందరి ముందూ నాకు సిగ్గు లేకుండా ఏడుపొచ్చింది.

తర్వాత డాక్టర్ మృణాళిని మాకు విడమరిచి చెప్పారు. "కంటి నుంచి మెదడుకు మాత్రమే దారి అనుకున్నాం. ఏదైనా తలుచుకున్నప్పుడు మెదడు అదే దారిని వెనక్కి వాడుతోంది. మామూలు కంట్లో దాన్ని అందుకునేవాళ్లు లేరు. మన పలక అందుకుంది. కొడుకు ఎదుటికి రాగానే ఆవిడకు చిన్ననాటి వాడు గుర్తొస్తున్నాడు, ఆ బొమ్మ, ఈ బొమ్మ ఎదురెదురుగా ఢీకొంటున్నాయి. ఢీకొన్న ప్రతిసారీ నరం కాస్త కాలుతోంది. ఇలాగే వదిలేస్తే నరమే పోతుంది."

ఫణీంద్ర ముఖంలో వెలుగు వచ్చింది. "చాలా చిన్న పని మేడమ్. మొదటి ఇద్దరికీ పెట్టిన పాత పలకల్లో వెనక్కి వచ్చే దారే లేదు. వాళ్లకు అదురు కూడా లేదు. కొత్తదాంట్లోనూ ఆ దారి మూసేద్దాం. పెట్టె నుంచి ఒక్క ఆదేశం పంపితే చాలు."

మాట సబబుగానే ఉంది. అయినా నాకెందుకో మింగుడు పడలేదు. దారి మూసేస్తే అటునుంచి వచ్చేది ఎటు పోతుంది? ఇంజనీర్లం ఎవరం దీనికి జవాబు చెప్పలేం. చెప్పగలిగినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లను మేం ఎప్పుడూ ఏదీ అడగలేదు, చార్టులోని అక్షరాలు చదవమనడం తప్ప.

మొదటి మనిషి వరంగల్‌లో ఉండే మార్తాండరావుగారు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"చూపు బ్రహ్మాండంగా ఉందమ్మా. పొద్దున్నే వాకింగ్ చేస్తున్నా, మెట్లు దిగుతున్నా. మీ అందరికీ రుణపడి ఉంటాను."

"చాలా సంతోషం సార్. ఒక్క చిన్న సంగతి అడగాలి. ఓసారి కళ్లు మూసుకుని, మీ అమ్మగారిని తలుచుకుంటారా?"

"మా అమ్మనా? ఆవిడ పోయి ముప్ఫై ఏళ్లు. ఎందుకమ్మా?"

"ఊరికే సార్. ముఖం ఎలా కనబడుతోందో చెప్పండి."

ఆయన నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది.

"నుదుటి మీద పచ్చబొట్టు ఉండేది" అన్నారు నెమ్మదిగా. "ముక్కుకు రెండు వైపులా పుడకలు. అవి ఉండేవని తెలుసు. కానీ... ఆగమ్మా... కనబడట్లేదు. మొన్న పోయిన మా తమ్ముడూ కనబడట్లేదు. కళ్లు మూసుకుంటే ఏమీ లేదు. కలలు కూడా రావట్లేదని అనుకుంటూనే ఉన్నా, వయసు కదా అని ఊరుకున్నా. ఇది మళ్లీ వస్తుందా అమ్మా?"

డాక్టర్ మృణాళిని ఫోన్ అందుకుని, తానే వరంగల్ వస్తానని, కూర్చుని మాట్లాడదామని చెప్పారు. తనకు తెలియకుండా జరిగిపోయిన నష్టాన్ని నేను ఆ పెద్దాయన చేతే తడిమించాను. అడగకుండా ఉండాల్సిందని మాత్రం నాకు ఇప్పటికీ అనిపించదు. కానీ ఆయన గొంతు చెవుల్లోంచి పోవడం లేదు.

ఫణీంద్ర తన కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఎవరిని తలుచుకుంటున్నాడో నేను అడగలేదు. కళ్లు తెరిచి, "కమిటీ వాళ్లను రావద్దని చెబుదాం మేడమ్" అన్నాడు.

రెండో మనిషిని అడిగినా అదే జవాబు వచ్చాక, సరోజనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ముగ్గురం అనుకున్నాం. దారులు రెండే. వెనకదారి మూసేస్తే అదురు ఆగుతుంది, చూపు నిలుస్తుంది. మెదడు కొన్నాళ్లు ప్రయత్నించి, బొమ్మ కట్టడమే మానేస్తుంది. మళ్లీ రాదు. లేదంటే పలకను శాశ్వతంగా ఆపేయాలి. అప్పుడు నరం బతుకుతుంది, తలుచుకున్నది తలుచుకున్నట్టు ఉంటుంది, బయటి చూపు పోతుంది. పెట్టెకూ నరానికీ వంతులవారీగా నడపలేమా అని నేను తల బద్దలు కొట్టుకున్నాను. అవతలివైపుకు వంతు తీసుకోవడమే తప్ప తిరిగి ఇవ్వడం తెలియదు. లాక్కోవాలి. లాక్కుంటే మళ్లీ అదే కాలడం.

బోడుప్పల్ వాటాలో, ఆ చాప మీదే కూర్చుని డాక్టర్ ఇదంతా చెప్పారు. శ్రీచరణ్ ఆఖరిదాకా వినలేదు.

"ఇంక ఆలోచించుడేంది మేడమ్? మూసెయ్యుండ్రి. చూపు ముఖ్యం గదా. పాతయి గుర్తుకు రాకపోతే ఏమైతది? ఫోటోలున్నయ్, సూపిస్త."

"నువ్వు జెర ఊకో" అంది సరోజన. డాక్టర్ వైపు తిరిగి, "నాకు రెండు దినాలు టైమియ్యుండ్రి" అంది.

మళ్లీ వెళ్లినప్పుడు నేనొక్కదాన్నే వెళ్లాను. తలుపు తీసింది శ్రీచరణ్. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నాకు కుర్చీ కూడా చూపించకుండా లోపలికి నడిచాడు.

"మీరే చెప్పుండ్రి మేడమ్. చూపు బందు చేపిచ్చుకుంటదట. నన్ను సూసుడు ఒద్దట, గా చిన్నోడే కావాల్నట!"

"గట్ల అనలే నేను" అంది సరోజన.

"మరెట్ల? పదిహేనేండ్ల సంది నీ చెయ్యి పట్టుకుని తిప్పింది నేను. రోడ్డు దాటిచ్చింది నేను. మా అమ్మ ఒక్కసారన్న నన్ను సూడాలె అని ఎన్ని గుళ్లు తిరిగిన్నో నీకెర్క. ఇయ్యాల సూపొస్తే, నేనొద్దా నీకు?"

నాకు ఆ కుర్రాడి మీద జాలేసింది. వాడి పక్షాన మాట్లాడాలనే అనిపించింది. తన చిన్నతనం మీద తానే అసూయపడే స్థితి పగవాడికి కూడా వద్దు.

సరోజన లేచి, తడుముకోకుండా నడిచి వెళ్లి వాడి రెండు చేతులూ పట్టుకుంది.

"చెర్రీ, ఇటు సూడు. నాకు కండ్లు లేకున్నా నువ్వు ఉంటవ్. అమ్మా అని పిలుస్తవ్. బువ్వ తింటవ్. కోపమొస్తే గిట్ల లొల్లి చేస్తవ్. రేపు పెండ్లి చేసుకుంటే నిన్ను సూసుకునేటిది ఇంకోతి వస్తది. నువ్వు లోకమంత కనబడ్తవ్ బిడ్డా. గా చిన్న పోరనికి నేను తప్ప ఎవ్వలు లేరు. నేను సూసుడు బందు చేస్తే వాడు ఏడ ఉండడు. సీకట్ల గన్ని ఏండ్లు నాకు తోడున్నడు వాడు. ఇయ్యాల నాకు వెలుగొచ్చిందని వాణ్ని బయటికి ఎట్ల నూకాలె?"

శ్రీచరణ్ తల్లి భుజం మీద తల ఆనించి నిలబడ్డాడు. వాడు ఒప్పుకున్నాడని నేను అనుకోను. నేను చెప్పులు వేసుకుని కిందికి దిగాను.

పలకను ఆపే రోజున ల్యాబ్‌లో మేం నలుగురం, శ్రీచరణ్. కిటికీలోంచి ఎండ బాగా పడుతోంది. ఆ వెలుతురులోకే వాడి కుర్చీ జరపమంది సరోజన.

"ఆఖరుసారి కడుపునిండ సూసుకుంట. ఎంతసేపైనా తొందర చెయ్యకుండ్రి."

"చూసేకొద్దీ నరం కాలుతుంది సరోజనా" అన్నారు డాక్టర్.

"ఎరికే. గీ ఒక్కసారి కాలనియ్యుండ్రి."

వాడు ఎదురుగా కూర్చున్నాడు. నా అనలైజర్ తెర మీద ఎర్రగీతలు జలజలా రాలడం మొదలైంది. ఆమె చెయ్యి చాపి వాడి ముఖం పట్టుకుంది. చూస్తూ, చూస్తున్నచోటల్లా వేళ్లతో తాకుతూ పోయింది. నుదురు, కనుబొమలు, మొలిచీ మొలవని గడ్డం. వాడు నవ్వుదామని చూశాడు. పెదవి వంకర పోయింది. కళ్లలోంచి నీళ్లు ఉబికాయి. తుడుచుకోబోతే ఆమె వాడి చెయ్యి కిందికి దించేసింది. ఫణీంద్ర గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇగ చాలమ్మా" అంది నాతో. నన్ను మేడమ్ అనకుండా పిలవడం అదే మొదటిసారి. "బందు చెయ్యి."

పెట్టె మీది మీట నొక్కాను. వెలుతురు మాకు అలాగే ఉంది. ఎర్రగీతలు ఆగిపోయాయి. తీగ మీద ఇక ఎవరి మాటా లేదు. కొక్కేలు విప్పుతుంటే ఆమె కళ్లజోడు తీసి మడిచి నా చేతికిచ్చింది.

శ్రీచరణ్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా... కనబడుతున్నడా నీ చిన్నోడు?"

సరోజన కళ్లు మూసుకుంది. ముందు నుదురు ముడిపడింది, తర్వాత ముఖమంతా విచ్చుకుంది.

"ఒక్కడు కాదురా, ఇద్దరున్నరు" అంది. "చిన్నోడు నవ్వుతుండు. పెద్దోడే ఏడుస్తుండు."